మదర్‌బోర్డు మార్పు డైరీ: 1151 అని ఉంటే చాలనుకుని 2,350 రూపాయలు పోగొట్టుకున్నాను

మెషీన్ నల్లకుంటలో మా అక్క నడిపే డీటీపీ సెంటర్‌ది. ఇంటెల్ ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు, 240 జీబీ ఎస్ఎస్‌డీ, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె). ఆషాఢం చివరి వారంలో, శ్రావణం ముహూర్తాల శుభలేఖలు కుప్పగా వచ్చిపడిన సమయంలో ఆగిపోయింది. అక్క ఫోన్ చేసి "ఒరేయ్, సీపీయూ పోయిందిరా" అంది. మన దగ్గర సీపీయూ అంటే క్యాబినెట్ మొత్తం. ఈ డైరీలో మాత్రం క్యాబినెట్‌ను క్యాబినెట్ అనే రాస్తాను, ప్రాసెసర్‌ను ప్రాసెసర్ అనే రాస్తాను. ఈ పేర్ల గందరగోళంలో దుకాణం దగ్గర ఒకటి అడిగి ఇంకొకటి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. నేను పేర్లు సరిగ్గానే చెప్పాను, అయినా తప్పు బోర్డే తెచ్చాను. పైన శీర్షికలోని 1151 అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ నంబరు.

దశ 1: పోయింది ఏది?

లక్షణం: బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే అసలు కదలదు. గోడ స్విచ్ ఆపి, నిమిషం ఆగి వేస్తే మళ్లీ అదే కుదుపు.

చేసిన పనులు, చేసిన వరసలోనే:

1. ఎస్ఎస్‌డీ ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కు తగిలించి శుభలేఖల ఫోల్డర్లన్నీ కాపీ చేశాను. బోర్డు సంగతి తర్వాత, ముందు డేటా. అప్పుడే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్ స్టైల్ కూడా చూశాను: ఎంబీఆర్, అంటే డిస్కును భాగాలు చేసే పాత పద్ధతి. ఈ ఒక్క ముక్క దశ 6లో నన్ను కాపాడింది.

2. ఎస్ఎంపీఎస్‌ను బోర్డు నుంచి పూర్తిగా విడదీసి, 24 పిన్‌ల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునూ దాని పక్క నల్ల వైరునూ జెమ్ క్లిప్పుతో కలిపాను. లోడ్ కోసం పాత హార్డ్ డిస్క్ ఒకటి తగిలించాను. మల్టీమీటర్ రీడింగులు: పసుపు 12.09, ఎరుపు 5.07, నారింజ 3.32, ఊదా 5.04 వోల్టులు. అటూ ఇటూ 5 శాతం వరకు ఫరవాలేదు, అంటే 12 వోల్టుల వైరు 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది.

3. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 4 పిన్‌ల కనెక్టర్ ఒక్కటే ఊడదీసి, 24 పిన్‌లది ఉంచి బటన్ నొక్కాను. ఈసారి ఫ్యాన్ ఆగకుండా తిరిగింది. అంటే లోపం ప్రాసెసర్‌కు కరెంటు వెళ్లే దారిలో ఉంది.

4. ప్లగ్ తీసేసి, ప్రాసెసర్ బయటికి తీసి, బోర్డు మీది ఆ 4 పిన్‌ల సాకెట్‌లో 12 వోల్టుల పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలిచాను: 0.8 ఓమ్. బాగున్న బోర్డులో ఇక్కడ వందలూ వేలూ ఓమ్‌లు చూపించాలి. అంటే షార్ట్. టార్చి వేసి వెతికితే ఆ సాకెట్ పక్క మాస్‌ఫెట్ (ప్రాసెసర్‌కు వెళ్లే కరెంటును నియంత్రించే స్విచ్ లాంటి భాగం) అంచున మిరియపు గింజంత నల్ల మరక కనిపించింది.

చిప్ లెవెల్ సర్వీసులో (బోర్డు మీది చిన్న భాగాలు మార్చే రిపేరులో) 1,200 రూపాయలు, వారం రోజులు అన్నారు. వారం ఆగితే అక్క చేతిలోని ముహూర్తాలు దాటిపోతాయి. బోర్డు మార్చడమే అనుకున్నాం.

ఇక్కడ ఒక పని చెయ్యకుండా వదిలేశాను. మాస్‌ఫెట్ షార్ట్ అయినప్పుడు 12 వోల్టులు నేరుగా ప్రాసెసర్‌కు వెళ్లే ప్రమాదం ఉంది. దాని మామూలు తిండి ఒక వోల్టు చుట్టుపక్కల. కాబట్టి బోర్డు కొనేముందు ఆ ప్రాసెసర్‌ను ఎవరిదైనా 6వ జెన్ (ఇంటెల్ ఆరో తరం, 6500లో మొదటి అంకె చెప్పేది అదే) మెషీన్‌లో పెట్టి, బతికుందో లేదో చూసుకోవాలి. బద్ధకించాను. దాని ఖరీదు దశ 3లో.

ఇప్పటికి ఖర్చు: 0. సమయం: 2 గంటలు.

దశ 2: 1151 బోర్డు కొన్నాను

ప్రాసెసర్ పై మూత మీది పాత పేస్టు తుడిచాను. ఐ5-6500 అని, దాని కింద ఎస్ఆర్‌తో మొదలయ్యే చిన్న కోడ్ ఉన్నాయి. మెషీన్ బతికుంటే ఈ తుడుపు అక్కర్లేదు, విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచినా, సీపీయూ-జడ్ వేసినా ప్రాసెసర్ పేరూ బోర్డు మోడలూ రెండూ కనిపిస్తాయి. ఐ5-6500 సాకెట్ ఎల్‌జీఏ1151 అని ఇంటెల్ పేజీలో చూశాను. అక్కడితో చెకింగ్ అయిపోయిందనుకున్నాను.

నారాయణగూడలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో దిగి, ఆటోలో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ భాగాలు అమ్మే సీటీసీకి వెళ్లాను. ఒక కౌంటర్ దగ్గర నేను అడిగిన మాట అక్షరాలా ఇది: "అన్నా, 1151 డీడీఆర్4 బోర్డు సెకండ్స్‌ల ఉందా?" ఉందన్నాడు. హెచ్310, డబ్బా లేదు, 7 రోజుల టెస్టింగ్ వారంటీ, 3,400. కొనేముందు ఫోన్‌లో ఆ బోర్డు మోడల్ పేజీ కూడా తెరిచాను. మొదటి వరసలోనే సాకెట్ ఎల్‌జీఏ1151 అని ఉంది. సంతోషంగా డబ్బులిచ్చాను. అతను అబద్ధం చెప్పలేదు, అడిగిందే ఇచ్చాడు.

ఇంటికొచ్చి ప్రాసెసర్ పెడితే చక్కగా కూర్చుంది. అంచున ఉండే రెండు గాడులు సాకెట్‌లోని రెండు మొనలతో సరిగ్గా కలిశాయి. లివర్ మామూలు బిగువుతోనే దిగింది. కూలర్ కాళ్లు నాలుగూ రంధ్రాల్లో టక్కుటక్కున పడ్డాయి. స్కేలు పెట్టి చూస్తే రంధ్రాల మధ్య దూరం రెండు బోర్డుల్లోనూ 75 మిల్లీమీటర్లే. తప్పు బోర్డు అని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. డిస్‌ప్లే మాత్రం లేదు.

ఖర్చు: బోర్డు 3,400, థర్మల్ పేస్ట్ 150, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 120, రానుపోను 160.
ఇప్పటికి ఖర్చు: 3,830. సమయం: 7 గంటలు.

దశ 3: నేరం ప్రాసెసర్ మీద మోపాను

ముందు చిన్న చిన్న అనుమానాలు తీర్చుకున్నాను. ర్యామ్ ఒక్కొక్కటే మార్చి మార్చి పెట్టాను. సీమాస్ బ్యాటరీ (బోర్డు సెట్టింగులను నిలిపే చిన్న సెల్) తీసి పది నిమిషాలు ఆగాను. మానిటర్ కేబుల్ మార్చాను. 30 రూపాయల బీప్ స్పీకర్ కొని తగిలించాను. ర్యామ్ తీసేసి ఆన్ చేస్తే బోర్డు బీప్‌లు కొట్టి గోల చెయ్యాలి కదా, అదీ లేదు. నిశ్శబ్దం. అంటే పని ర్యామ్ దాకా కూడా రావట్లేదు, ప్రాసెసరే కదలట్లేదు.

మాస్‌ఫెట్ మరక కళ్ల ముందు ఆడింది. ప్రాసెసర్ కాలిపోయిందని తేల్చేశాను. మర్నాడు ఇంకో దుకాణంలో సెకండ్ హ్యాండ్ ఐ5-6500 కొన్నాను, 1,600. రిటర్న్ లేదన్నారు. ఫరవాలేదన్నాను. తెచ్చి పెట్టాను. ఫ్యాన్ తిరిగింది. డిస్‌ప్లే లేదు.

అక్క కుర్చీలో వెనక్కి వాలి, "రెండూ కాలిపోయాయా ఏంట్రా?" అంది. వేళాకోళమే గానీ, ఆ ప్రశ్నతోనే పట్టు దొరికింది. వేరువేరు చోట్ల నుంచి వచ్చిన రెండు ప్రాసెసర్లు ఒకేలా మౌనంగా ఉన్నాయంటే, అనుమానించాల్సింది వాటిని కాదు.

ఖర్చు: ప్రాసెసర్ 1,600, స్పీకర్ 30, రానుపోను 160.
ఇప్పటికి ఖర్చు: 5,620. సమయం: 11 గంటలు.

దశ 4: చదవాల్సిన పేజీ

బోర్డు మోడల్ పేజీకి మళ్లీ వెళ్లి, ఈసారి స్పెసిఫికేషన్ వదిలేసి సపోర్ట్ విభాగంలో ప్రాసెసర్ల జాబితా తెరిచాను. ప్రతి బోర్డు తయారీదారూ ఈ జాబితా ఇస్తారు. ఒక్కో ప్రాసెసర్‌కూ పేరు, స్టెప్పింగ్ (ప్రాసెసర్ లోపలి సవరణ నంబరు), ఏ బయోస్ (బోర్డులోనే ఉండి, ఆన్ చెయ్యగానే నడిచే ప్రోగ్రాం) వెర్షన్ నుంచి పనిచేస్తుంది అన్న గడి ఉంటాయి. పైనుంచి కిందిదాకా 8, 9వ జెన్‌లే. 6500 లేదు. 6తో మొదలయ్యేది ఒక్కటీ లేదు.

సంగతి ఇది. ఎల్‌జీఏ1151 అనే పేరుతో ఇంటెల్ రెండు తరాల బోర్డులు నడిపింది. 2015లో వచ్చిన 6వ జెన్, ఆ తర్వాతి 7వ జెన్‌లకు 100, 200 సిరీస్ చిప్‌సెట్లు: హెచ్110, బీ150, జడ్170, బీ250, జడ్270 వగైరా. 2017లో వచ్చిన 8వ జెన్, ఆ వెనక వచ్చిన 9వ జెన్‌లకు 300 సిరీస్: హెచ్310, బీ360, బీ365, జడ్370, జడ్390. కాంటాక్టులు (ప్రాసెసర్, బోర్డు ఒకదాన్నొకటి తాకే చోట్లు) రెండింటిలోనూ 1151. గాడులు ఒకే చోట. కొలత కూడా 37.5 మిల్లీమీటర్ల చదరమే. కానీ 8వ జెన్‌లో కోర్లు పెరిగాయి, ఐ5 నాలుగు నుంచి ఆరయింది. దానికి తగ్గ కరెంటు కోసం అంతకుముందు ఖాళీగా ఉంచిన కాంటాక్టుల్లో కొన్నిటిని విద్యుత్తుకు కేటాయించారు. ప్రాసెసర్‌కు కరెంటు అందించేవి 128 నుంచి 146 అయ్యాయి. బయట చూస్తే అదే తలుపు, అదే తాళం కప్ప. లోపల వైరింగ్ వేరు.

కూర్చుంటే సరిపోయినట్టే అన్న నా లెక్క తప్పింది ఇక్కడే. మామూలుగా సాకెట్ నంబరు మారితే గాడులు జరుగుతాయి, కాబట్టి 4వ జెన్ ప్రాసెసర్‌ను 6వ జెన్ బోర్డులో పెట్టబోతే అది కూర్చోనే కూర్చోదు. ఇక్కడ ఆ రక్షణ లేదు.

గోడకు అంటించుకోవడానికి ఒక పట్టీ రాసుకున్నాను:

2, 3వ జెన్: 1155
4వ జెన్: 1150
6, 7వ జెన్: 1151, చిప్‌సెట్ నంబరు 1 లేదా 2తో మొదలవ్వాలి
8, 9వ జెన్: 1151, చిప్‌సెట్ నంబరు 3తో మొదలవ్వాలి
10, 11వ జెన్: 1200
12, 13, 14వ జెన్: 1700

ఈ పట్టీ కూడా ఆఖరి మాట కాదు. 100 సిరీస్ బోర్డులో 7వ జెన్ పెట్టాలంటే బయోస్ అప్‌డేట్ అయ్యుండాలి. 1200 సాకెట్‌లో కూడా ఇలాంటి మెలికే ఉంది, చాలా హెచ్410, బీ460 బోర్డులు 11వ జెన్‌ను తీసుకోవు. 1700 సాకెట్‌కు మారితే పాత కూలర్ పట్టదు, అక్కడ రంధ్రాల దూరం 78 మిల్లీమీటర్లు. ఏఎమ్‌డీ వాళ్లు ఏఎం4 పేరుతో చాలా ఏళ్లు ఒకే సాకెట్ నడిపారు గానీ, పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపడుతుందా లేదా అన్నది అక్కడ కూడా బయోస్ మీదే ఆధారం. ఎలా చూసినా తయారీదారు జాబితా తెరవక తప్పదు.

అప్పుడు నా ముందు మూడు దారులు:

ఒకటి, హెచ్310 ఉంచుకుని సెకండ్ హ్యాండ్ ఐ3-8100 కొనడం. 3,200 చెప్పారు. లాభం ఏమిటంటే విండోస్ 11 అధికారికంగా 8వ జెన్ నుంచే. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

రెండు, హెచ్310 వాపసు ఇచ్చి 100 లేదా 200 సిరీస్ బోర్డు తెచ్చుకోవడం.

మూడు, అన్నీ తీసి పక్కన పెట్టి కొత్త 1700 సాకెట్ సెట్. అక్క ఈ మాట పూర్తిగా విననే లేదు.

ఇంట్లో వాడుకునే మెషీన్ అయితే నేను మొదటి దారే పట్టేవాణ్ని. ఇది శుభలేఖల మెషీన్, నెట్ దాదాపు వాడరు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వస్తాయి. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ 10 మీద బాగానే నడుస్తోంది. రెండో దారి ఖాయం చేశాం.

దశ 5: రెండోసారి సీటీసీ

ఈసారి చీటీ రాసుకుని వెళ్లాను: ఐ5-6500, హెచ్110 లేదా బీ250, డీడీఆర్4, మైక్రో ఏటీఎక్స్ సైజు, 244 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు.

కౌంటర్ దగ్గర కుర్రాడు చీటీ చూసి నవ్వాడు. "1151ల రెండు రకాలున్నయ్ అన్నా. మొన్ననే సిక్స్త్ జెన్ అని చెప్పుంటే అయిపోవు." చెప్పలేదు కాబట్టి నేనూ నవ్వాను. 3,400 పెట్టి కొన్న హెచ్310ను 3,000కు వెనక్కి తీసుకున్నాడు.

మొదట చూపించిన హెచ్110 డీడీఆర్3ది. హెచ్110 బోర్డులు రెండు రకాల ర్యామ్‌లతోనూ వచ్చాయి. నాది డీడీఆర్4, 288 కాంటాక్టులు, డీడీఆర్3కి 240. గాడి కూడా వేరే చోట, బలవంతం చేసినా దిగదు. పక్కన పెట్టేశాం.

రెండోది బీ250. మోడల్ పేరు, రివిజన్ నంబరు బోర్డు మీద చూసి, కౌంటర్ దగ్గరే నిలబడి ప్రాసెసర్ల జాబితా తెరిచాను. ఐ5-6500 ఉంది. బయోస్ గడిలో మొట్టమొదటి వెర్షనే ఉంది, అంటే అప్‌డేట్ గొడవ లేదు.

తర్వాత సాకెట్ మూత తీయించి ఫోన్ టార్చి ఏటవాలుగా వేశాను. ఎల్‌జీఏ రకం సాకెట్‌లో సూదులు బోర్డు వైపే ఉంటాయి, సెకండ్ హ్యాండ్ బోర్డులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అవే. నాట్లేసిన మడిలా వరసలన్నీ ఒకే వైపు వంగి, ఒకేలా మెరవాలి. ఫోన్‌ను మెల్లగా తిప్పుతుంటే మెరుపు వరస వెంట జారుతూ వచ్చి, కింది ఎడమ మూల దగ్గర తెగింది. జూమ్ చేస్తే రెండు సూదులు పక్కవాటి మీద ఒరిగి ఉన్నాయి. కుర్రాడు మెకానికల్ పెన్సిల్‌తో సరిచేస్తానన్నాడు. ములికి తీసేసిన పెన్సిల్ గొట్టంలో సూదిని దూర్చి లేపుతారు, పనిచేస్తుంది, నేనూ ఒకసారి చేశాను. కానీ డబ్బు పెట్టి కొంటూ ఆ అదృష్ట పరీక్ష ఎందుకు? వద్దన్నాను. అదే మోడల్ ఇంకొకటి తెచ్చాడు. అందులో మెరుపు ఎక్కడా తెగలేదు.

నా పాత ప్రాసెసర్ జేబులోనే ఉంది. అక్కడే టేబుల్ మీద పెట్టించి ఆన్ చేయించాను. బయోస్ తెర మీద ఐ5-6500 అని పేరు పడింది. కాలిపోయిందని నేను ముద్ర వేసిన ప్రాసెసరే అది.

ఖర్చు: బోర్డు 3,700లో హెచ్310 తాలూకు 3,000 పోను 700, రానుపోను 160.
ఇప్పటికి ఖర్చు: 6,480. సమయం: 15 గంటలు.

దశ 6: బిగింపు, బూట్

1. క్యాబినెట్‌లో ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తిపట్టే స్క్రూ దిమ్మెలు) కొత్త బోర్డు రంధ్రాలతో పోల్చాను. ఒకటి అదనంగా ఉంది, తీసేశాను. వదిలేస్తే అది బోర్డు అడుగున తగిలి షార్ట్ చేస్తుంది.

2. పేస్టు బఠాణీ గింజంత. కూలర్ కాళ్లు ఎదురెదురు మూలలు జతగా నొక్కాను.

3. సీమాస్ సెల్ 2.71 వోల్టులే చూపించింది. సీఆర్2032 కొత్తది వేశాను, 40 రూపాయలు.

4. ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చింది, బూట్ డివైస్ లేదంది. ఎస్ఎస్‌డీ మాత్రం బయోస్‌లో కనిపిస్తోంది. కొత్త బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో ఉంది, మా డిస్కు ఎంబీఆర్, దానికి పాత పద్ధతి కావాలి. బయోస్‌లో ఆ పాత పద్ధతిని అనుమతించే సీఎస్ఎం ఎనేబుల్ చేశాను, సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐ అని సరిచూశాను. విండోస్ లేచింది. దశ 1లో పార్టిషన్ స్టైల్ చూసి ఉండకపోతే ఈ పాటికి ఫార్మాట్ కొట్టేసేవాణ్ని.

5. విండోస్ యాక్టివేషన్ పోయింది. లైసెన్స్ విడిగా కొన్నదే, అక్క మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ముడిపడి ఉంది, కాబట్టి ట్రబుల్‌షూటర్‌లో ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను అన్నది ఎంచుకుంటే తిరిగొచ్చింది. మెషీన్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే పాత బోర్డుతోనే పోతుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ వాడేవాళ్లు రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి. టైపింగ్ సాఫ్ట్‌వేర్ కూడా కొత్త మెషీన్ అనుకుని తాళం వేసుకుంది, కొత్త కీ అడిగి తెచ్చుకున్నాం.

6. ర్యామ్ 2400 వేగంది, నడుస్తున్నది 2133లో. ఐ5-6500 పరిమితే అంత, తప్పేమీ కాదు.

7. గోడ సాకెట్ కొలిచాను. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 31 వోల్టులు! ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పితే ఎర్త్ వైరు స్క్రూ వదులై వేలాడుతోంది. బిగించాక 2 వోల్టులు, అతని కూలి 350. బోర్డు దీనివల్లే పోయిందని అనను. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి చిమచిమలాడటం మాత్రం ఆగిపోయింది.

ఖర్చు: సెల్ 40, ఎలక్ట్రీషియన్ 350.
మొత్తం ఖర్చు: 6,870. మొత్తం సమయం: 20 గంటలు.

మొదటిసారే బీ250 తెచ్చి ఉంటే 4,520తో అయిపోయేది. మిగతా 2,350లో 1,630 రెండో ప్రాసెసర్, బీప్ స్పీకర్. 400 హెచ్310 మీద కోత. 320 అదనపు తిరుగుళ్లు. రెండో ఐ5-6500 మిఠాయి డబ్బాలో పడి ఉంది. ఎవరికైనా 6వ జెన్ ప్రాసెసర్ టెస్ట్ చేసుకోవాల్సి వస్తే ఇస్తున్నాను.

11 రోజులుగా నడుస్తోంది. ప్రాసెసర్ వేడి ఖాళీగా ఉన్నప్పుడు 38 డిగ్రీలు, వంద పేజీల పీడీఎఫ్ చేస్తుంటే 61. సెకండ్ హ్యాండ్ బోర్డుతో వెనక పోర్టుల చుట్టూ పెట్టే రేకు రాలేదు, పాతది సరిపోలేదు. ఆ సందులోంచి బొద్దింకలు దూరతాయని అక్క శుభలేఖ అట్ట ఒకటి తెచ్చి, పోర్టులకు తగ్గట్టు కత్తిరించి పెట్టింది. బంగారు రేకు అద్దిన అట్ట ఇవ్వబోతే నేనే వద్దన్నాను, అది కరెంటు పారిస్తుంది. ఎర్ర సిరా ముద్రది చాలు. యూఎస్‌బీ పోర్టుల పక్కన ఇప్పుడు వినాయకుడు కూర్చున్నాడు, తొండం కొస మాత్రం ల్యాన్ కేబుల్ రంధ్రంలో పోయింది.